పూచీ పడ్డ పెద్దమనిషి

మా ఇంటి ముందు వాటా ఖాళీ అయిన నెలలో మా నాన్నకు ఎక్కడలేని హోదా వచ్చింది. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళపాటు ఎవరెవరి బల్లల ముందో కాగితాలు పట్టుకుని నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఆయన ముందు జనం నిలబడుతున్నారు. ఆ నెలంతా ఇంట్లో కూడా చొక్కా విప్పలేదు. వీధి వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ళనీ ఊరు, ఉద్యోగం, ఇంట్లో ఎందరు, చేపలు వండుతారా అని అడిగి, “ఆలోచించి సెప్తాం” అని పంపేవాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా వెనకనుంచి చూసేవాడు. ఎవరూ వెనక్కి తిరిగి బతిమాలకపోతే కొంచెం నొచ్చుకునేవాడు కూడా.

ఎనభైల మొదటి ఏళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతున్నాయి. మా కంచరపాలెంలో పైన కప్పూ కింద నేలా ఉన్నదల్లా ఇల్లే. మా ముందు వాటా అంటే రెండు గదులు, ఒక వంటిల్లు. నుయ్యి, బాత్‌రూము పెరట్లో ఇద్దరికీ కలిపి. దాన్నే మా నాన్న “పోర్షన్” అనేవాడు, ఆ మాటలో ఇంకో రెండు గదులు దాగి ఉన్నట్టు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి టైపు నేర్చుకుంటున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో కాగితాలన్నీ నా చేత రాయించేవారు. ఇందులో నా వంతు ఏమిటో ముందే చెప్పేస్తే మంచిది: రాసింది నేనే.

ఒక ఉదయం రిక్షాలో ఒక నర్సు వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వెంట వాళ్ళమ్మ. ఆ ముసలావిడకు చెవులు వినపడవు. నర్సు తనే చెప్పేసింది: పోర్టు వైపు ఆసుపత్రిలో పని, పెళ్ళి కాలేదు, క్రైస్తవులం, తండ్రి క్రేన్ మెకానిక్‌గా చేసి పోయాడు, అన్నయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వేలో ఉన్నాడు. అడగబోయేవన్నీ ఆమె ముందే చెప్పేయడంతో మా నాన్నకు అడిగే సరదా లేకుండా పోయింది.

ఆమె ఇల్లు చూసిన పద్ధతి నాకింకా గుర్తుంది. గోడలు చూడలేదు, గదుల కొలతలు అడగలేదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం నుంచి బాత్‌రూము దాకా నడిపించింది. మధ్యలో రెండు మెట్లు ఉన్నాయి. అక్కడ ఆగి, “ఇక్కడ ఒక కర్ర పాతుకుంటే మీకేం అభ్యంతరం లేదు కదా పిన్నిగారూ, పట్టుకోడానికి?” అని మా అమ్మను అడిగింది.

“కర్రేటమ్మా, రెండు పాతుకో,” అంది మా అమ్మ. అమ్మ లెక్కలో ఇల్లు అప్పుడే ఇచ్చేసినట్టు.

మా నాన్న లెక్క వేరు. “మగదిక్కు నేదన్నమాట,” అన్నాడు, జబ్బు పేరు చెప్పినట్టు.

“నేను ఉద్యోగం చేస్తున్నానండీ. జీతం కాగితం తెచ్చాను,” అంది నర్సు.

“జీతం సంగతి కాదమ్మా. అద్దె ఇవ్వరని నానేటీ అనట్లేదు. ఎవరైనా పెద్దమనిషి పూచీ పడాల.”

“దేనికండీ పూచీ?”

మా నాన్న వరండా కమ్మీల వైపు చూశాడు. ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంది వాటి మీద. వేలితో కొంచెం తుడిచాడు. “అంటే... అన్నిటికీ,” అన్నాడు.

అన్నిటికీ అనే మాటకు అర్థం ఏమిటో ఆ వరండాలో అందరికీ తెలుసు, వినపడని ఆ ముసలావిడకు తప్ప. నర్సు మొహం కొంచెం బిగిసింది. కానీ ఆ పాటికి ఆమె ఎన్ని వరండాల్లో నిలబడిందో నాకు తెలియదు. “ఎవరి సంతకం కావాలండీ?” అంది.

మా నాన్న పేరు చెప్పాడు. మా వీధి చివర రెండంతస్తుల ఇంట్లో ఉండే పెద్దమనిషి. గెజిటెడ్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఏ శాఖలో అన్నది ఆయన భార్యకైనా సరిగ్గా తెలుసో లేదో అనేది మా అమ్మ. ఉద్యోగం పోయినా ఆకుపచ్చ సిరా కలం మాత్రం పోలేదు, ఎప్పుడూ చొక్కా జేబులోనే. వీధిలో పిల్లల మార్కుల కాపీల మీద, కండక్టు సర్టిఫికెట్ల మీద, ఆ సంతకం చెల్లదని అందరికీ తెలిసిన తర్వాత కూడా, పిలిచి మరీ పెట్టేవాడు. ఎవరూ కాగితం తీసుకురాని వారం ఆయనకు భోజనం సహించేది కాదనుకుంటాను.

ఆయన ఇల్లు చూపించమని నన్ను నర్సు వెంట పంపారు.

పెద్దమనిషి హాల్లో పడక్కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి “రామ్మా, కూర్చో,” అన్నాడు. కూర్చున్నాను. ఆమెను కూర్చోమనలేదు. ఇంకా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను లేచి నిలబడి ఉండొచ్చు. లేవలేదు. లోపల్నుంచి ఆయన భార్య ఒక స్టూలు తెచ్చి నర్సు పక్కన పెట్టబోతే, ఆయన ఒక చూపు చూశాడు. ఆవిడ స్టూలు పట్టుకుని అలాగే లోపలికి వెళ్ళిపోయింది.

అరగంట ప్రశ్నలు. పెళ్ళెందుకు కాలేదు? సంబంధాలు రాలేదా, వస్తే నువ్వే కాదన్నావా? డ్యూటీలు ఏ టైముకి? రాత్రి డ్యూటీ నెలలో ఎన్నిసార్లు? ఆ రోజుల్లో ఎవరు దిగబెడతారు? చర్చికి ఎవరితో వెళ్తావు? ఇంటికి మగ చుట్టాలు వచ్చిపోతుంటారా?

ఆమె అన్నిటికీ ఒకే గొంతుతో, రోగి బంధువులకు మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెబుతున్నట్టు, సమాధానం చెప్పింది.

“నా సిగ్నేచర్ అంటే ఏటనుకున్నావు? నా పరువు. అది నీ సేతిలో పెడతన్నాను,” అన్నాడాయన చివరికి.

“కాగితం ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటుందండీ,” అంది ఆమె.

ఆయనకు అది వెటకారమో కాదో తేలలేదు. నాకూ తేలలేదు అప్పుడు. ఇప్పుడు తెలుసు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో వాదన జరిగింది. వాదన అంటే, నాన్న మాట్లాడాడు, అమ్మ వంకాయలు తరిగింది. ఆ పెద్దమనిషి అంతటివాడు వెనక నిలబడ్డాడంటే ఇక చూసుకోనక్కర్లేదని నాన్న. అసలు ఆయన లేకపోతే ఇచ్చేవాడు కాదట, ఒంటరి ఆడది, వేరే మతం, వేళాపాళా లేని డ్యూటీలు, వీధిలో ఏమనుకుంటారు?

“ఆడి పూచీ మీద నీకంత నమ్మకమైతే ఇల్లు ఆడికే ఇచ్చీ,” అంది అమ్మ తల ఎత్తకుండా. “ఆ పిల్ల మెట్ల కాడ కర్ర అడిగింది. అమ్మ పడిపోద్దని బయ్యపడే మనిసికి ఇంకెవుడో పూచీ పడాలేటి?”

“నీకు లోకం తెల్దు.”

“నిజమే. నీకు తెలిసినంత తెల్దు.”

నాన్న చెప్పాడు, నేను రాశాను. “పై అద్దెదారు సత్ప్రవర్తనకు, రాకపోకలకు, వారి ఇంటికి వచ్చిపోవువారి నడవడికకు నేను పూర్తి పూచీ వహించుచున్నాను.” గ్రాంథికంలో రాస్తే అవమానం మర్యాదగా కనిపిస్తుంది. కింద నర్సు నల్ల సిరాతో సంతకం చేసింది. దాని పక్కన ఆకుపచ్చ సంతకం, ఆమె పేరుకు మూడింతలు, కింద రెండు గీతలతో సహా. ఇంటి యజమాని అన్న చోట నాన్న చేశాడు.

వాళ్ళు దిగారు. మెట్ల దగ్గర సరుగుడు కర్ర పాతారు. ముసలావిడ అది పట్టుకుని దిగడం రెండో రోజుకే నేర్చుకుంది. పెరట్లో మా అమ్మా ఆవిడా చేసే కబుర్లు నాకు భలే వింతగా ఉండేవి. వినపడనావిడకు మా అమ్మ చెప్పని సంగతి లేదు. ఎలమంచిలిలో తన చిన్నప్పటి సంగతుల దగ్గర్నుంచి మా నాన్న గురక దాకా చెప్పేది. ఆవిడ నవ్వుతూ తల ఊపేది. వారం తిరక్కుండా ఇద్దరూ స్నేహితులైపోయారు.

మొదటి ఆదివారమే పెద్దమనిషి వచ్చాడు. “పూచీ పడ్డాను కదా, ఎలగున్నారో సూసి పోదామని.” సరే, మర్యాద. రెండో ఆదివారం వచ్చాడు. మూడో వారం బుధవారం కూడా వచ్చాడు. వాళ్ళ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. నాన్న పరిగెత్తుకుని వెళ్ళి పక్కన కూర్చునేవాడు. కాఫీ మా ఇంట్లోంచి. గ్లాసు నేనే పట్టుకెళ్ళేదాన్ని.

ఆయన ఏం చూడటానికి వచ్చేవాడు? అన్నీ. టపావాడు ఇచ్చిన ఉత్తరం ఎవరిదని అడిగేవాడు. కిటికీకి తెర ఎందుకు, దాచాల్సిందేముందని ఒకసారి. తెర లేకపోతే వీధిలోకి కనిపిస్తుంది కదా అని ఇంకోసారి. ఒక రోజు ఆసుపత్రి నుంచి ఒక మనిషి సైకిలు మీద వచ్చి, మరో నర్సుకు ఒంట్లో బాగోలేదు, డ్యూటీకి రమ్మంటున్నారని చెప్పి వెళ్ళాడు. ఆ సైకిలు మా గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఉంటుంది. పెద్దమనిషి మర్నాడే మా నాన్నను పక్కకు పిలిచి, “ఎవుడో మగోడు వస్తన్నాడట కదా బావా? నా పేరుంది కాయితం మీద,” అన్నాడు. అలాంటి మనిషి తనను బావా అని పిలిచినందుకు మా నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో అసలు సంగతేమిటో అడగడం కూడా మరిచిపోయాడు.

నర్సు మొదట్లో నవ్వుతూ జవాబు చెప్పేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక ఇంటికి రాకుండా సాయంత్రం దాకా స్నేహితురాలింట్లో ఉండిపోవడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మకు ఆ పూట అన్నం మా ఇంట్లోనే. తన ఇంటికి తాను రావడానికి భయపడే మనిషిని రోజూ చూస్తూ నేను టైపు క్లాసుకు వెళ్ళి వచ్చాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పెద్దమనిషిని అసహ్యించుకోవడం సుఖంగా ఉండేది, దానికి నోరు తెరవక్కర్లేదు కదా.

వర్షాలు మొదలయ్యే ముందు, ఒక మధ్యాహ్నం జరిగిందది. ఆమె రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతోంది. వాళ్ళమ్మ పెరట్లో బియ్యం ఏరుతోంది. పెద్దమనిషి వచ్చి తలుపు కొట్టాడట. ముసలావిడకు వినపడదు. తలుపు గడియ వెయ్యలేదు. ఈయన లోపలికి వెళ్ళాడు. మొదటి గది దాటి రెండో గదిలోకి వెళ్ళాడు. మంచానికి కట్టిన దోమతెర ఎత్తాడు.

నేను విన్నది ఆమె కేక. మా అమ్మ చేతిలో చేద అలాగే నూతిలోకి వదిలేసి పరిగెత్తింది, వెనకే నేను. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెద్దమనిషి గది మధ్యలో, జేబులో కలంతో.

“ఏటా అరుపు? నాను పూచీదారుణ్ణి. పగలు మూడు గంటలకి పడుకుందంటే ఒంట్లో ఏటో తేడా ఉందనుకోనా? ఇన్స్‌పెక్షన్ చేసే రైటు నాకుంది.”

కనీసం సిగ్గుపడి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదేమో. ఆయన సిగ్గుపడలేదు. కోప్పడ్డాడు. అలా చూడటం తన బాధ్యత అని ఆయన నిజంగానే నమ్మి ఉండవచ్చు. అది ఆయనకు నేనిస్తున్న రాయితీ కాదు. నమ్మి చేసేవాడు ఇంకా నీచుడు.

మా నాన్న కునుకు తీస్తున్నవాడు లేచి వచ్చాడు. నర్సు ఆయన్ను చూసి, “బాబాయిగారూ, నెలాఖరుకి ఖాళీ చేసేస్తాను,” అంది. మాటలు సూటిగా వచ్చాయి. “ఈయన నాకు పూచీ పడ్డారనుకున్నాను. నన్ను ఈయనకి రాసిచ్చారని నాకు ఎవరూ చెప్పలేదు.”

“అలగనకమ్మా. పెద్దాయన, తండ్రిలాంటోరు...” అన్నాడు నాన్న.

“మా నాన్న నేను పడుకున్న గదిలోకి ఎప్పుడూ రాలేదండీ.”

మా నాన్న పెద్దమనిషి వైపు చూశాడు. ఆయన మొహంలో ఏదైనా ఆదేశం దొరుకుతుందేమోనని చూశాడని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

“ఓలె, ఆ కాయితం తే,” అంది అమ్మ నాతో.

తెచ్చాను. ట్రంకు పెట్టెలో పైనే ఉంది. అమ్మకు మూడో తరగతి చదువు. కాగితం గుమ్మంలోకి తెచ్చి ఎండకు పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంది. సత్ప్రవర్తన దగ్గర చాలాసేపు ఆగింది. “ఇదేటి రాసినావు?” అంది నన్ను. చెప్పాను. నావైపు ఎంతసేపు చూసిందో తెలియదు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ఈయన పేరు కొట్టీ. పూచీ కాడ నా పేరు రాయి.”

నాన్న నవ్వాడు, నిజంగానే నవ్వొచ్చి. “ఇల్లు గలోళ్ళే అద్దెకున్నోళ్ళకి పూచీ పడతారేటే? ఎవుడైనా ఇంటే నవ్వుతాడు.”

“నవ్వనీ. ఇల్లు ఎవుల పేరునుంది?”

నాన్న నవ్వు ఆగిపోయింది. మా తాత ఎలమంచిలిలో పొలం అమ్మి, కూతురి పేరున కొన్న ఇల్లది. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఎప్పుడూ నోటితో అనని సంగతి కూడా. ఆ కాగితం మీద యజమాని అని ఉన్న చోట నాన్న సంతకం పెట్టినప్పుడు నాకు కూడా తట్టలేదు.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. “సూడమ్మా, లీగల్‌గా ఇలా కొట్టేస్తే సెల్లదు. నా కన్సెంట్ ఉండాల.”

అప్పటిదాకా మా అమ్మ ఆయనతో నేరుగా పెద్దగా మాట్లాడింది లేదు. మాట్లాడాల్సొస్తే తల దించుకుని “మీరు” అనేది. ఇప్పుడు తలెత్తింది. “సెల్లకపోతే నీకేటి బాధ? నాకు సెల్లుద్ది. నువ్వు ముందు ఆ గదిలోంచి బైటికి రా. ఆడపిల్ల పడుకున్న గది అది. ఇంకోపాలి గేటు దాటి లోపలికొచ్చినావంటే ఈది ఈదంతా పిలిసి, దోమతెర ఎందుకెత్తినావో ఆల ముందర సెప్పిస్తాను. ఆకుపచ్చ సిరాతో రాసిద్దువు గాని.”

ఆయన వెళ్ళాడు. మా నాన్న గేటు దాకా దిగబెట్టాడు. అది కూడా రాయాలి కదా.

నేను ఆకుపచ్చ సంతకం మీద గీత కొట్టాను. సత్ప్రవర్తన, రాకపోకలు, నడవడిక ఉన్న వాక్యం మొత్తం కొట్టేశాను, అది అమ్మ చెప్పలేదు. అడుగున అమ్మ తన పేరు ఒక్కో అక్షరం పేర్చి రాసింది. నర్సు ఆ కాగితం తీసుకుని చూసి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. వాళ్ళమ్మ బియ్యం చేటతో గుమ్మంలో నిలబడి, ఏం జరిగిందో తెలియక, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తోంది.

మూడో రోజున పెద్దమనిషి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. కొన్ని “అవాంఛనీయ పరిణామాల” దృష్ట్యా తన పూచీని ఉపసంహరించుకుంటున్నాడట. కొట్టిపారేసిన దాన్ని తిరిగి తీసుకోవడానికి కూడా ఒక ఉత్తరం రాయగలిగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. మా నాన్న దాన్ని మడత నలక్కుండా దాచుకున్నాడు. వీధిలో కొన్నాళ్ళు గుసగుసలు నడిచాయి, నర్సు గురించి, మా అమ్మ నోటి గురించి. పెద్దమనిషి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పిల్లల మార్కుల కాపీలు ఆయన దగ్గరికి అలాగే వెళ్ళాయి.

నర్సు ఖాళీ చెయ్యలేదు. అయిదేళ్ళకు పైగా ఉంది. ఒక ఏడాది ఆ పెద్దమనిషికి కాలి మీద పుండు లేచి మానలేదు. ఆయన భార్య పెరటి దారిన వచ్చి, ఇంటికొచ్చి కట్టు మార్చగలవా అని ఈమెను అడిగింది. వెళ్ళింది. రెండు వారాలపాటు రోజూ వెళ్ళింది. “ఎలా వెళ్ళగలుగుతున్నారు?” అని అడిగాను. “పుండు ఆయన చేసుకున్నది కాదు కదా,” అంది. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆమె గొప్పతనం ఆమెది. నేనైతే ఆ గుమ్మం ఎక్కేదాన్ని కాదు.

తర్వాత ఆమెకు క్వార్టర్సు ఇచ్చారు. సామాను బండిలోకి ఎక్కిస్తుంటే మా అమ్మ ముసలావిడ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా ఏదో చెప్పింది. ఆవిడ ఎప్పట్లాగే నవ్వి తల ఊపింది.

ముందు వాటా మళ్ళీ ఖాళీ అయింది. మా నాన్న మళ్ళీ కుర్చీ వేసుకున్నాడు. రెండో రోజున కృష్ణా జిల్లా నుంచి ఒకాయన వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాడట. కుటుంబాన్ని వచ్చే నెల తీసుకొస్తానన్నాడు. చేతిలో ఏ కాగితమూ లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ లేరు. మా నాన్న లేచి నిలబడి తాళంచెవి ఇచ్చేశాడు.

“పూచీ అడగలేదేం నాన్నా?” అన్నాను.

“మగోడు కదే,” అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు నావైపు చూసి.